రాజావారి అలక

రాజావారికి ముప్పై ఏళ్లు. మాట రాదు. పళ్లు పుచ్చిపోయి, నొప్పి చెప్పుకోలేక, తన చెంప తనే బాదుకుంటూ వచ్చాడు. రాజావారన్న ముద్దుపేరు వాళ్లమ్మ పెట్టిందే. "మా రాజావారు అలిగితే అంతే సంగతులు" అంది నవ్వుతూ. కొడుకు చెంప వాచి కమిలిపోయి ఉంటే ఆ నవ్వేమిటో నాకు అర్థం కాలేదు. పళ్ల డాక్టరు దగ్గర నర్సుని నేను. నాకసలే ఓపిక తక్కువ.

మెలకువగా ఉంటే నోట్లో వేలు పెట్టనివ్వడు కాబట్టి మత్తిచ్చి తీయాలి. మత్తు డాక్టరమ్మ అడగాల్సినవన్నీ అడిగింది.

"నిద్రలో ఊపిరి ఆగుతూ ఉంటుందా?"

"అబ్బే, మావాడికి అలాంటి జబ్బుల్లేవమ్మా" అంది తల్లి.

చెయ్యి పట్టుకోకపోతే కుదురుగా ఉండడని ఆవిణ్ణి లోపలే ఉండనిచ్చాం. మందు ఎక్కింది. ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం పెట్టాం. మొదటి పన్ను బాగానే వచ్చింది. నేను నోట్లో నెత్తురు గొట్టంతో లాగుతుండగా ఛాతీ కదలడం ఆగిపోయింది. ఊపిరి కనిపెట్టే మిషను కూత పెట్టింది.

"కంగారు పడకండి" అంది తల్లి, మమ్మల్ని ఓదారుస్తున్నట్టు. "అది అలక. ఇంట్లో నిద్రలో కూడా అలాగే ఊపిరి బిగబడతాడు. పట్టించుకోకపోతే తనే దారికొస్తాడు."

నాకు ఒళ్లు మండిపోయింది. "కాసేపు నోరు మూస్తారా!" అని అరిచేశాను.

డాక్టరమ్మ అప్పటికే దవడ పైకెత్తి, మాస్కు అదిమి, గాలిసంచీ నొక్కుతోంది. గాలి పోవడం లేదు. పెదాలు నీలం తిరిగాయి. ముక్కులోంచి గొంతులోకి మెత్తటి గొట్టం దించి మళ్లీ నొక్కింది. ఈసారి ఛాతీ లేచింది.

మిగతా పళ్లు ఆ రోజు ముట్టుకోలేదు. రాజావారు కళ్లు తెరిచాక డాక్టరమ్మ తల్లిని పక్కన కూర్చోబెట్టుకుంది.

"అది అలక కాదమ్మా. నిద్రపట్టగానే నాలిక వెనక్కి జారి గొంతు మూసుకుపోతోంది. గాలాడక పెనుగులాడి లేస్తున్నాడు. పాపం, మాట వస్తే ఎప్పుడో చెప్పేవాడు."

"చెప్పాడమ్మా" అంది తల్లి. ఆ మొహంలో ఇక నవ్వు లేదు. "రాత్రిళ్లు లేచి నా చెయ్యి లాక్కుని గొంతు మీద పెట్టుకునేవాడు. అలక తీరింది, ముద్దు చేస్తున్నాడనుకున్నాను. జోకొట్టి మళ్లీ నిద్రపుచ్చేదాన్ని."