బొడ్డు చుట్టూ మూడు వాతలు

గున్నమ్మ చేతిలో తొలి మగపిల్లలు నిలవరని పక్కింటి గురమ్మ అందట. కుళాయి దగ్గర పదిమంది వింటుండగానే అందట. "మొదటి కొడుకూ ఇలాగే పాలు కక్కి కక్కి పోనాడు. ఇప్పుడు మనవడికీ అదే వొచ్చినాది. పక్షి దోసం ఆ ఇంటినొగ్గదు" అందట. విన్న వీధిలోని కుమారి చంకలో బిందె దింపకుండానే వచ్చి ఈ మాట గున్నమ్మ చెవిన వేసి, "నానేటీ అన్లేదొదినా, ఆల్లే అన్నారు" అంటూ వెళ్లిపోయింది.

గున్నమ్మకు కోపం రాలేదు. పక్షి నీడ పడితే పసివాళ్లకు తగిలే పక్షి దోషమన్న మాటనే ముప్పై నాలుగేళ్లుగా పట్టుకుని బతుకుతోంది ఆమె. దోషం తగిలితే కన్నతల్లి మాత్రం ఏం చేయగలదు? ఆ మాటే లేకపోతే పెద్దవాడి చావు వచ్చి తన మెడకు చుట్టుకుంటుంది.

మనవడికి అది ముప్పై ఆరో రోజు. కోడలు యమున పాలిచ్చిన పావుగంటకల్లా కక్కుతున్నాడు. ఆ కక్కు ఎగిరి ఎదురు గోడకు తగులుతోంది. కక్కిన మరుక్షణం మళ్లీ పాలకోసం గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. బుగ్గలు లోపలికి పోయి ముసలి ముఖం వచ్చేసింది. పెద్దవాడికి దోషం పోయే వాతలు ఆలస్యంగా పెట్టానన్నదే గున్నమ్మకున్న దిగులు. వీడి విషయంలో ఆలస్యం చేయదలచుకోలేదు. పసుపు కొమ్ము నిప్పుల మీద కాల్చి, బొడ్డు చుట్టూ మూడు వాతలు పెట్టింది.

మూడో రోజుకు వాతలు చీము పట్టాయి. కక్కులు ఆగలేదు. గరివిడి ఫ్యాక్టరీలో అక్కడే ఉండి పనిచేసే కొడుకు గోపి ఆ రోజు డ్యూటీ దిగి ఇంటికొచ్చి బిడ్డ పొట్ట చూశాడు.

"ఏటమ్మా ఇది! మనిసివేనా నువ్వు?"

అప్పటికప్పుడు అందరినీ ఆటో ఎక్కించి, రైలు పట్టుకుని విశాఖలో పిల్లల ఆసుపత్రికి తీసుకుపోయాడు.

డాక్టరమ్మ చిన్న వయసుది. స్కానింగు చూసి, కాగితం మీద ఆనపకాయలాంటి బొమ్మ గీసింది. "ఇది పొట్ట. ఇక్కణ్ణుంచి పేగులోకి దారి. దారి చుట్టూ కండ బలిసిపోయి పాలు కిందికి దిగడం లేదు. ఆ కండను చీల్చి వదులు చేస్తే చాలు. బాగా ఎండిపోయాడు, ముందు రెండ్రోజులు సెలైను పెట్టాలి."

గోపి ఫోనులో ఏదో చదివి ఉన్నాడు. "కెమెరా ఆపరేసను సెయ్యండి మేడం. మచ్చుండదంట కదా."

"అదే చేసేదాన్ని. మూడు చిన్న రంధ్రాలు, మచ్చ పెద్దగా కనబడదు, పాలు కాస్త ముందుగా పట్టొచ్చు. కోతలో అయితే అంగుళం పైన మచ్చ ఉంటుంది. లోపల కోసేది మాత్రం రెండిట్లోనూ ఆ కండనే. కానీ కెమెరా వెళ్లేది బొడ్డు దగ్గర నుంచి. అక్కడ చూడండి, చీము. ఆ దారిన వెళ్తే అది కడుపులోకి పోతుంది. అందుకని పైన, కుడిపక్కన కోస్తాను."

యమున అత్తవైపు చూడలేదు. తిట్టినా బాగుండుననిపించింది గున్నమ్మకు.

మూడో నాడు ఆపరేషనైంది. ఆ సాయంత్రం నర్సు చెంచాతో పాలు పట్టింది. పావుగంట గడిచింది. అరగంటైంది. గున్నమ్మ ఎదురు గోడకేసే చూస్తూ కూర్చుంది. గోడ మీద ఏమీ పడలేదు. యమున కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ వచ్చి కట్టు విప్పి చూసింది. "బాగున్నాడు. మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలా వచ్చిందా? కొన్ని కుటుంబాల్లో వస్తూంటుంది."

గోపి తల్లివైపు చూశాడు.

"నా పెద్దోడికి" అంది గున్నమ్మ. "ఇలాగే కక్కీవోడు. కక్కేసి మళ్లీ పాలకే ఏడిసీవోడు. నలభయ్యో నాడు పోనాడు."

పక్షి దోషమన్న మాట ఇక నిలవదని, నోటితో చెప్తుంటేనే ఆమెకు తెలిసిపోయింది. ఇంకేదైనా పట్టుకోవడానికి దొరకదా అన్నట్టు మంచం కోడు పట్టుకుని లేచింది.

"ఈ కెమెరాలూ అయ్యీ అప్పుడు లేవు కదా తల్లీ? ముప్పై నాలుగేళ్ల కిందటి మాట. అప్పుడు ఎవులు మాత్రం ఏటి సేస్తారు? ఆసుపత్రికి తెచ్చినా ఏటీ లేదు కదా?"

డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంటూ, తలెత్తకుండానే అంది.

"కెమెరా లేదు మామ్మా. కోత ఆపరేషను వందేళ్ల పైనుంచీ ఉంది."