తీసేసిన పేజీ

మూడో ప్రూఫు దిద్దించాలి. ముఖచిత్రం రంగు ఖాయం చేయాలి. కాగితం ప్రెస్సుకు చేరిందో లేదో కనుక్కోవాలి. ఫారాలు అచ్చయ్యాక బైండరు వెంటపడాలి. అన్నీ గురువారంలోగా. ప్రచురణ సంస్థలో ప్రొడక్షన్ చూసే ఆమె ఈ జాబితాను బల్లమీద అంటించుకుంది. రచయిత మాస్టారు అడిగింది ఒక్కటే మరి: "పుస్తకం మా అక్క కళ్లారా చూడాలమ్మా. ఇంకో వారమే ఉంటుందన్నాడు డాక్టరు."

చూపు ఆనని మాస్టారు చెబుతుంటే, పుస్తకమంతా రాసిపెట్టింది ఆ అక్కే. ఇరవై రెండు నోటుబుక్కులు.

మంగళవారం ప్రెస్సు ఫోర్‌మన్ ఫోన్ చేశాడు. ఫారానికి పదహారు పేజీలు. పుస్తకం నూట తొంభై మూడు. పన్నెండు ఫారాలు పోను ఒక్క పేజీ మిగిలిందని, దానికోసం ఇంకో ఫారం ఎక్కిస్తే రోజు ఆలస్యమని చెప్పాడు. "మిగతా పదిహేను తెల్లపేజీలు పాఠకులు చాకలిపద్దు రాసుకోడానికా మేడం?"

ఆమె ఫైలు తిరగేసింది. మొదట్లో ఒక పేజీ, నడుమ రెండే వాక్యాలు. మాస్టారుకు రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. అంకితమే కదా, రెండో ముద్రణలో వేద్దామనుకుని తీసేయమంది.

గురువారం మధ్యాహ్నం, జిగురు వాసన పోని ప్రతిని తనే పట్టుకెళ్లింది. అక్క దిండుకు ఆనుకుని ఉంది. అట్ట నిమిరి, "ఫర్వాలేదురా, నీ మొహంకన్నా బాగుంది" అంది. మాస్టారు నవ్వి, పేరు పేజీ తర్వాతది చూడమన్నారు. అక్క తిప్పింది. నేరుగా మొదటి అధ్యాయం.

"అక్క చదవలేకపోతోందేమో, నువ్వు వినిపించమ్మా" అన్నారు మాస్టారు.

ప్రొడక్షన్ ఆమె పేజీ మీదికి వంగింది. ఆ పేజీ మీద లేని మాటలను పైకి చదివింది: "నేను చెప్పింది తక్కువ, అక్క దిద్దింది ఎక్కువ. ఈ పుస్తకం ఆమెదే."

అక్క పేజీని చూసింది, ఆమెను చూసింది. "బాగా వేశారమ్మా" అంది.

ఆ తర్వాత ఇంకో నాలుగు రోజులు బతికిందావిడ. ఒక్కరోజు ఆలస్యమైనా చూసేదే.

నెల తర్వాత ప్రొడక్షన్ ఆమె వెళ్లి జరిగింది చెప్పేసింది. "అక్క ఏం చూసి బాగా వేశారందమ్మా?" అన్నారు మాస్టారు.

వెయ్యి ప్రతులూ ఆ పేజీ లేకుండానే వెళ్లిపోయాయి. వాటిలో ఒకటి మీ చేతికొస్తే, పేరు పేజీ దాటాక ఒక్క క్షణం ఆగండి. ఆ అక్కను తలుచుకుని, ఆ తర్వాత చదవండి.