పలకరించని ఫోను

కొండ మీద గని పని జోరందుకున్నప్పటి నుంచి వాగు ఎర్రగానే పారుతోంది. ఎండాకాలం కాస్త తేరుకుంటుంది, వానలు మొదలవగానే మళ్లీ ఇటుకపొడి కలిపినట్టు దిగి వస్తుంది. దాంతో వాగొడ్డు పల్లెలకు బోరింగు నీళ్లే దిక్కయ్యాయి. ఆ బోరింగులు చెడిపోతే బాగుచేయించే చిన్న సంఘమొకటి భోపాల్‌పట్నంలో ఉంది. అందులో నాగేశ్వరమ్మ పనిచేస్తుంది.

నాగేశ్వరమ్మది తర్లగూడ. తెలుగు, అక్కడి దోర్ల గిరిజనుల దోర్లీ, హిందీ, మూడింట్లోనూ ఎవరినైనా కడిగిపారేయగలదు. కోపం ముక్కు మీదే ఉంటుంది. ముక్కు చిన్నది కాబట్టి ఎంతోసేపు నిలవదు.

సంఘం పెద్ద సీతారాములు, రిటైరైన పంతులు. బోరింగు చెడిన కబురు కాలినడకన వచ్చేసరికి వారం దాటిపోతోందని ఆయన ఒక ఫోను లైను పెట్టించాడు. మిస్డ్ కాల్ ఇస్తే ఆఫీసు కంప్యూటరే తిరిగి ఫోను చేస్తుంది, చెప్పిందంతా రికార్డు చేసుకుంటుంది. ఇలాంటి సంఘాలకు ఉచితంగా సాయపడే భూషణం అనే ఇంజనీరు హైదరాబాదు నుంచి వచ్చి అంతా బిగించిపోయాడు. ఈ ప్రోగ్రాము ఏ ఒక్కరి గుప్పిట్లోనూ లేదని, ఎక్కడెక్కడివాళ్లో రాసి అందరికీ వదిలేశారని, ఎవరైనా విప్పి చూసుకోవచ్చని, కావాలంటే మార్చుకోవచ్చని చెప్పాడు. నాగేశ్వరమ్మకు నమ్మకం కుదరలేదు. ఊరికే వచ్చింది ఊరికే చెడుతుందని ఆమె లెక్క.

అయినా లైనులో వినిపించే గొంతు ఆమెదే కావాలంటే మాత్రం మురిసిపోయింది. గొంతు ఇవ్వడానికి కొత్త చీర కట్టుకున్న మనిషి లోకంలో ఆమె ఒక్కతే అయి ఉంటుంది. క్లుప్తంగా చెప్పమన్నారని, వార్తలు చదివేవాళ్లలా బిగుసుకుని, "మీ ఊరి బోరింగు సమస్య చెప్పండి" అని తెలుగులో ఒకసారి, దోర్లీలో ఒకసారి అనేసింది. ఆ వెంటనే గంట మోగుతుంది. తర్వాత చెప్పేవాళ్లు చెప్పుకోవాలి.

ఎవరూ చెప్పుకోలేదు. కాల్స్ వస్తున్నాయి గానీ అన్నీ ఖాళీ. తీసి వింటే ఎవరిదో ఊపిరి, ఎక్కడో కోడికూత, అంతలో మిషనే కట్ చేసేస్తుంది. ఫిర్యాదులే లేనప్పుడు బోరింగులన్నీ బాగున్నట్టే కదా అన్నారు సర్కారు ఆఫీసువాళ్లు. లైను ఈ నెలాఖరు దాకా చూసి మూసేద్దామన్నాడు సీతారాములు. సంఘం తరఫున పానా పట్టి బోరింగులు బాగుచేసే లచ్చు, పని లేని చోట ఎన్నాళ్లుంటానని, గనికి కూలికి పోతానన్నాడు. అతను పోతే ఆ చుట్టుపక్కల బోరింగు విప్పేవాడు మరొకడు లేడు. పిల్లలు ఆ ఎర్రనీళ్లే తాగాలి. నాగేశ్వరమ్మకు ఆ మాట తలుచుకుంటేనే భయం వేసింది.

భయం వేస్తే ఆమెకు కోపం వస్తుంది. కాళ్లకు బలపం కట్టుకుని ఊరూరూ తిరిగి నంబరు ఇచ్చింది తను. ఆ కోపంతోనే వాగు దాటి మాసే ఇంటికి పోయింది. మాసే దోర్ల ముసలమ్మ. నాగేశ్వరమ్మ ఎప్పుడొచ్చినా జావ తాగనిదే కదలనిచ్చేది కాదు. ఈసారి చాప మీంచి లేవలేదు, మంచినీళ్లయినా ఇవ్వలేదు. అక్కడ బోరింగు చూస్తే పిడి ఊడి కింద పడి ఉంది.

నాగేశ్వరమ్మ అరికాలి మంట నెత్తికెక్కింది. "అడగంది అమ్మైనా పెట్టదు పెద్దమ్మా. నంబరిచ్చి పోతిని గద. ఒక్క ఫోన్ చేసి చెప్తే ఏం పోయింది?"

మాసే నింపాదిగా చూసింది. "చేసిన. నీ గొంతే పలికింది. బోరింగు సంగతి చెప్పుమన్నవు. తిన్నవా అనలే, పిల్లలు మంచిగున్నరా అనలే. అడుగుతవేమోనని చూసిన. పెట్టేసినవు. నౌకరి వచ్చినంక మనిషి మారిందనుకున్న."

నాగేశ్వరమ్మకు తల తీసేసినట్టయింది. అవతలి మనిషి మంచీచెడూ అడగకముందే అవసరం బయటపెట్టడం ఆ పల్లెల్లో అడుక్కోవడంతో సమానం. ఆ సంగతి ఆమెకు తెలియనిది కాదు. ప్రతి గడపలోనూ పలకరింపు అయ్యాకే పనిలోకి దిగుతుంది. ఫోను దగ్గరికొచ్చేసరికి మరిచిపోయింది. అది నేను కాదు, మిషను అని చెప్పింది.

"మిషనైతే నీ గొంతెందుకు పెట్టిన్రు?" అంది మాసే.

 మర్నాడు లచ్చు వెళ్లి పిడి బిగించాడు. కానీ మిగతా ఊళ్ల మాటేమిటి? ఏ బోరింగు ఎక్కడ ఆగిందో ఎవరు చెబుతారు? నాగేశ్వరమ్మ భూషణానికి ఫోను చేసి, మిషను ముందు మంచీచెడూ అడిగేలా మార్చాలని చెప్పింది. కంపెనీని అడగాలి, ఇన్ని నెలలు పడుతుంది అంటాడనుకుంది. అతను అలా అనలేదు. అవతలివాళ్లు కొద్దిసేపు పలకకపోతే ఫోను పెట్టేయాలన్నది, తొందరలో ఉండే పట్నాలవాళ్లు ఎవరో పెట్టుకున్న పద్ధతని, దాన్ని తీసేద్దామని అన్నాడు. పలకరింపుకూ పలకరింపుకూ మధ్య ఎంతసేపు ఆగాలని అడిగితే, ముసలమ్మ లేచి కోడిని తోలి వచ్చేంత సేపని చెప్పింది. ఆ సాయంత్రమే ఇద్దరూ కూర్చుని, అతను అక్కడ, ఆమె ఇక్కడ, ఆమె గొంతుతో పలకరింపులు మళ్లీ రికార్డు చేసి మార్చేశారు. కొత్త చీర ఊసే రాలేదు. ఈ మార్పును ప్రోగ్రాము రాసినవాళ్లకూ పంపుతానని, ఇంకెవరికైనా పనికొస్తుందని భూషణం అన్నాడు. ఎక్కడో ముక్కూమొహం తెలియని దేశంలో ఒక మిషను ఎవరినో తిన్నారా అని అడుగుతుందన్న మాట ఆమెకు భలే నచ్చింది.

రోజులు గడిచాయి. ఫోను మోగలేదు. నెలాఖరు దగ్గర పడింది. లచ్చు బట్టలు సర్దుకున్నాడు.

ఒక పొద్దున కంప్యూటరులో రికార్డయిన కొత్త కాల్ ఒకటి కనబడింది. ముగ్గురూ చుట్టూ చేరారు. ముందు నాగేశ్వరమ్మ గొంతే, మామూలు గొంతు: "నేను నాగేశ్వరమ్మను. తిన్నరా? ఇంటికాడ అందరు మంచిగున్నరా?" తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆపైన ఎవరో తెలియని ఆడమనిషి మాట్లాడింది.

"నా పేరు ముయె. కొండెనక ఊరు. మాసే అత్త చెప్పింది, ఈ ఫోన్ పలకరిస్తదని. తిన్న అక్కా. మేక ఈనింది. చిన్నోనికి దగ్గు తగ్గింది." కాసేపు ఆగింది. "మరి నువ్వు తిన్నవా అక్కా?"

 ముయె ఆగి ఉంది. మిషనూ ఆగి ఉంది, కట్ చేయలేదు. తను ఒక్కసారైనా చూడని మనిషి తన జవాబు కోసం అలా కాచుకుని ఉంటే, అది రికార్డన్న సంగతే మరిచి నాగేశ్వరమ్మ ముందుకు వంగింది. సీతారాములు ఉన్నాడని గానీ, లచ్చు ఉన్నాడని గానీ చూడలేదు.

"తిన్న చెల్లే," అంది కంప్యూటరుతో.

అవతల చిన్నగా ఊపిరి తీసిన చప్పుడు. "మంచిది," అంది ముయె, విన్నట్టే. "మా బోరింగు గొలుసు తెగి శానా రోజులైంది. వాగు నీళ్లే తాగుతున్నం. ఎవరినన్న తోలు."

లచ్చు అప్పటికే పానాలు సంచిలో వేసుకుంటున్నాడు.