పక్క చేలో ఉప్పు

డయానా విజయవాడలో ఎకనామిక్స్ ప్రొఫెసర్. రొయ్యల చెరువులకి ప్రభుత్వమిచ్చే చౌక కరెంటు వల్ల డెల్టా నేలకి ఏమవుతోందన్నది ఆమె పరిశోధన. కరెంటు చౌక కావడంతో చెరువులు వరిచేల మధ్యకి పాకాయనీ, వాటి ఉప్పునీరు పక్క చేలలోకి ఇంకి వాటిని పాడుచేస్తోందనీ తేలింది. అలాంటి చెరువులకి రాయితీ ఆపెయ్యమని సిఫారసు రాసింది. సోమవారం ప్రభుత్వ కమిటీ ముందు చెప్పాలి.

చల్లపల్లి దగ్గర ఆమె అన్న ఆమోసుకీ మూడు చెరువులున్నాయి. ఒకటి శివపార్వతి అనే ఆవిడ వరిచేనుని ఆనుకునే ఉంది. ఈ సిఫారసు సంగతి అన్నయ్య ఇంకొకరి నోట వినకూడదని డయానా శనివారం తనే బస్సెక్కి వెళ్ళింది.

ఆమోసు గట్టు మీద నిలబడి అంతా విన్నాడు. రొయ్యలకి గాలందించే ఏరేటర్లు చెరువులో నీళ్ళు చిమ్ముతున్నాయి.

"నా చెరువు కూడా అందులో ఉందా?"

"పేర్లు రాయలేదన్నయ్యా. కానీ ఉంది."

"నువ్వే రాయాలా?"

"చూసింది రాయకుండా ఎలా ఉంటాను? శివపార్వతిగారి చేను ఎలా పసుపెక్కిపోయిందో నువ్వూ చూస్తున్నావుగా."

ఆమోసు ఏరేటర్ల వైపు తిరిగాడు. "ఉన్నపళంగా ఆపేస్తే మేమేమైపోవాలి?" అన్నాడు. భోజనానికి ఉండమనలేదు. వదిన మాత్రం గేటు దాకా వచ్చి, చెయ్యి పట్టుకుని వదిలేసింది.

బస్సులో డయానాకి ఏడుపు ఆగలేదు. ఆదివారం చర్చికి కూడా వెళ్ళకుండా సిఫారసు మళ్ళీ రాసింది. రాయితీ ఆపాలన్న మాట కొట్టెయ్యలేదు. రెండేళ్ళలో మెల్లగా తగ్గించమనీ, తిరిగి వరికి మళ్ళేవాళ్ళకి సాయం చెయ్యమనీ చేర్చింది.

కమిటీలో ఒక పెద్దమనిషి అడిగాడు. "మేడమ్, మీవాళ్ళకెవరికైనా చెరువులున్నాయా?"

"మా అన్నయ్యకున్నాయండీ. వాటిలో ఒకదానికి రాయితీ ఆపాల్సిందే."

అప్పుడు చూసిందామె, వెనక వరుసలో రైతుల మధ్య కూర్చున్న ఆమోసుని.

బయటికొచ్చేసరికి అతను మెట్ల దగ్గర నిలబడున్నాడు. "అంతమందిలో నా సంగతి చెప్పేశావే," అన్నాడు. గొంతులో కోపం తగ్గలేదు. అయినా, "పొద్దుట్నించి ఏమన్నా తిన్నావా?" అనడిగి, బెంజ్ సర్కిల్ దగ్గర హోటల్‌కి తీసుకెళ్ళాడు.

కమిటీ ఆమె మాట సగమే విన్నది. గడువు రెండేళ్ళు చాలదని ఐదేళ్ళు చేసింది. ఆమోసు మాత్రం ఆ విడత రొయ్యలు పట్టగానే శివపార్వతి చేను పక్క చెరువు ఎండగట్టేశాడు. మిగతా రెండూ నడుపుతూనే ఉన్నాడు. వాటి గురించి అన్నాచెల్లెళ్ళు ఫోన్‌లో ఇప్పటికీ పోట్లాడుకుంటూనే ఉంటారు.