పది గదులకు ఒకే మీటరు

మే నెల మధ్యాహ్నం కర్నూలు ఊరి చివర రేకుల గదుల వరుస ముందు ఓనరు కొడుకు భూపేష్ బండి ఆపాడు. నల్లద్దాలు కళ్ళ మీద నుంచి తీయకుండానే వరండాలోని కరెంటు బోర్డు దగ్గరికి నడిచాడు. సుంకమ్మ గది ఫీజు ఏదో చూసుకుని పట్టి లాగి, జేబులో వేసుకున్నాడు.

లోపల ఫ్యాను ఆగిపోయింది. దాని కింద సుంకమ్మ కూతురు పడుకుని ఉంది. ఇంకా పురిటిస్నానం కూడా కాలేదు. పక్కన పసిబిడ్డ. ఎండాకాలం రేకుల కింద గది ఎట్లా ఉంటుందో అందులో బతికినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. బతకనివాళ్ళకు చెప్పినా తెలియదు.

సుంకమ్మ పరుగున బయటికి వచ్చింది.

"ఏంటికి సామీ పీకితివి? బాలెంత ఉండాది లోపల."

"బిల్లు కట్టినావా?"

"శనివారం కూలి రాంగానే కడతానని మీ నాయనకు చెప్పినా గదా."

"అయితే ఫ్యాను కూడా శనివారమే ఏసుకో."

తన మాటకు తనే నవ్వుకున్నాడు. బెంగుళూరులో లక్షలు పోసి మేనేజ్‌మెంటు చదివి వచ్చాడు. అంత చదువూ కలిసి ఈ ఒక్క హాస్యం నేర్పింది కాబోలు.

అన్నానికి ఇంటికి వచ్చిన కాంక్రీటు కూలీలు గడపల్లో నిలబడి చూశారు. ఒక్కరూ నోరెత్తలేదు. సుంకమ్మ మొగుడు బొజ్జన్న మార్కెట్ యార్డులో హమాలీ. ఉల్లిగడ్డ బస్తాలను వీపు మీద ఎత్తుకుని పరుగెత్తే మనిషి. ఆ మనిషి బండి మలుపు దాకా పోయేవరకు తలెత్తలేదు.

పక్కగదిలో శివలీల కుట్టుమిషను ముందు నుంచి లేచింది. మొగుడు పోయాక జాకెట్లు, లంగాలు కుట్టి బతుకుతోంది. ఒక వైరు తీసుకుని తన కిటికీలోంచి సుంకమ్మ కిటికీలోకి విసిరింది. ఫ్యాను మళ్ళీ తిరిగింది. మలుపు దగ్గర బండి ఆపి ఉన్న భూపేష్ వెనక్కి తిరిగి చూసి, ఫోనులో ఫోటో తీసుకున్నాడు.

ఆ వరుసలో ఉన్నవాళ్ళంతా కోసిగి మండలం పల్లెలవాళ్ళు. వాన రాని చేలను వదిలి, పని ఎక్కడుంటే అక్కడికి మూట కట్టుకుని వచ్చినవాళ్ళు. వాళ్ళ ఓనరు శ్రీనివాసులు. బనగానపల్లె దగ్గర మామిడితోటలు, కర్నూలులో అద్దె గదులు, ఆ గదుల వెనక గోడకు అవతల నీళ్ళ ప్లాంటు. బోరు నీళ్ళు తోడి, మిషన్లో వడగట్టి, క్యాన్లలో నింపి అమ్ముతాడు. గదులకు వదిలే నీళ్ళు ఉప్పు. నోట్లో పోసుకోలేరు. అందుకని అద్దెకున్నవాళ్ళు కూడా తాగడానికి ఆయన క్యాన్లే కొనాలి.

పది గదులకూ మీటరు ఒక్కటే, అదీ ఆయన పేరు మీదే. గదికొక మీటరు ఉంటే పేదవాడికి తక్కువ రేటు పడుతుంది. అందరి వాడకం ఒకే మీటరు మీద పడితే ధనవంతుడి బంగళాకు పడే రేటు పడుతుంది. ఆ బిల్లును శ్రీనివాసులు పది భాగాలు చేస్తాడు. ఆయన ఆటోలో క్యాన్లు వేసే లేవి అనే మనిషి అదే వరుసలో ఒక గదిలో ఉంటాడు. నెలనెలా తలుపు తలుపూ కొట్టి వసూలు చేసేది అతనే.

ఆ ఆదివారం శ్రీనివాసులు స్వయంగా వచ్చాడు. కారు ఏసీ ఆపకుండా డ్రైవరును లోపలే కూర్చోబెట్టి, వరండాలో కుర్చీ వేయించుకుని అందరినీ పిలిపించాడు. కరెంటు ఎట్లా పొదుపు చేయాలో కొడుకు చెప్తాడన్నాడు.

భూపేష్ ఫోనులో చూసి చదివాడు. "ఛార్జింగ్ అయిపోతానే ఛార్జరు తీసేయాల. ఫ్రిజ్ తలుపు మాటిమాటికీ తెరవగూడదు. ఏసీ ఇరవై నాలుగులో పెట్టుకోవాల."

"ఏసీ ఎవురికి ఉండాది సామీ ఈడ?" అంది సుంకమ్మ.

"ఉదాహరణకు చెప్తాండా."

శ్రీనివాసులు గొంతు సవరించుకున్నాడు. "మీ మేలుకోరి చెప్తాండా. మీలోనే ఎవురో కరెంటు మింగుతాండారు. ఆ బరువు మిగతా ఇండ్లోళ్ళు మోస్తాండారు. నన్ను తిట్టుకొని ఏం లాభం? ఎవురో మీరే కనుక్కోండి."

ఆ ఒక్క మాట కోసమే ఆయన అంత దూరం వచ్చాడు. అది చెప్పి, మిగతా పని వీళ్ళకు వదిలేసి కారెక్కాడు.

మిగతా పని వీళ్ళు చక్కగా చేశారు. ఎవరింట్లో లైటు ఎంతసేపు వెలుగుతోందో పక్కింటివాళ్ళు చూడసాగారు. టీవీ చప్పుడు వినపడితే గొణిగారు. ఒకావిడ మిక్సీ తిప్పినందుకు ఇంకొకావిడ మాట్లాడటం మానేసింది. సెంట్రింగ్ పని చేసే వీరభద్రకు ఆ వరుసలో పెద్దమనిషన్న పేరుంది. ఒకప్పుడు కూలీల సంఘంలో తిరిగాడు. నాలుగు మాటలు చెప్పగలడు. అతను అందరినీ కూడేసి శివలీల తలుపు ముందు నిలబెట్టాడు.

"అక్కా, నీ మిషనుకు మోటరు ఉండాది. పొద్దంతా తిరుగుతాండాది. దాని కరెంటు మేమెందుకు కట్టాల?"

"చిన్న మోటరప్పా. అదెంత కాల్చుతాది?"

"ఎంతైనా కాల్చనీ. ఇది అందరి నిర్ణయం. తీసేయాల."

ఓనరు ముందు ఒక్కసారీ లేవని గొంతు కుట్టుమిషను ముందు ఖంగున లేచింది. అతని వెనక ఉన్నవాళ్ళు తలలూపారు. శివలీల సుంకమ్మ వైపు చూసింది. తను విసిరిన వైరుతోనే ఆ పూట ఫ్యాను తిరిగింది. సుంకమ్మ నేల చూపులు చూసింది.

శివలీల లోపలికి వెళ్ళి, స్క్రూలు విప్పి, మోటరు తెచ్చి వీరభద్ర కాళ్ళ దగ్గర పడేసింది.

"తీసుకోప్పా. పులుసు పెట్టుకొని తిను."

ఆ రోజు నుంచి కాలితో తొక్కి కుట్టింది. మోకాళ్ళు వాచాయి.

మళ్ళీ నెల లేవి బిల్లు తెచ్చాడు. బిల్లు తగ్గలేదు సరికదా, పెరిగింది. అది ఎండలు ముదిరి ఊరంతా నీళ్ళ క్యాన్లకు ఎగబడిన నెల.

శివలీల ఆ కాగితం తీసుకుని నేరుగా వీరభద్ర గుమ్మం ఎక్కింది. అది ఆదివారం. అందరూ ఇళ్ళల్లోనే ఉన్నారు.

"నా మోటరు యాడుండాది?"

"గూట్లో పెట్టినాక్కా."

"గూట్లో ఉంటే మల్ల బిల్లు ఏంటికి పెరిగె? గూట్లో కూర్చొని తిరుగుతాండాదా?"

శివలీల వరండా మధ్యకు వచ్చి అరిచింది.

"అందురూ మీ మీ గదుల మెయిన్లు ఆపండి. ఆపి బయటికి రాండి. ఎవురు మింగుతాండారో ఇయ్యాల చూస్తాం."

కొందరు విసుక్కున్నారు, కొందరు నవ్వారు. అయినా ఒక్కొక్క గదిలో ఫ్యాను ఆగింది, టీవీ ఆగింది. పిల్లలతో సహా అందరూ చెమటలు తుడుచుకుంటూ మీటరు పెట్టె చుట్టూ మూగారు. బొజ్జన్న ప్రతి గదిలోకీ తొంగి చూసి వచ్చి చెప్పాడు. ఎక్కడా బల్బు కూడా వెలగడం లేదు.

మీటరు మీద ఎర్రలైటు మాత్రం గబగబా కొట్టుకుంటోంది.

ఫ్యాన్ల చప్పుడు లేని ఆ నిశ్శబ్దంలో గోడ అవతలి నుంచి మోటరు మోత స్పష్టంగా వినపడింది. రోజూ వినే మోతే. ఇంతవరకు అది తమ బిల్లు మీదే తిరుగుతోందని ఎవరికీ తోచలేదు.

"ఆ పైపు చూడండప్పా," అన్నాడు బొజ్జన్న. మీటరు పెట్టె కింద నుంచి ఒక వైర్ల పైపు గోడలోకి దిగింది. దాని మీద సున్నం కొత్తగా పూసి ఉంది.

అందరి కళ్ళూ లేవి మీద పడ్డాయి.

"నాకేం తెల్దప్పా. నేను బండి తోలేటోన్ని."

అతని పెళ్ళాం స్తుతి ప్రైవేటు ఆసుపత్రిలో ఆయా. ఆమె ముందుకు వచ్చింది. "తెల్దంటావేందయ్యా? ప్లాంటులో కరెంటు పోయినప్పుడల్లా ఈడికొచ్చి ఆ చివరి ఫీజు చూసుకొని పోయేది నువ్వే గదా? మన బిల్లు నువ్వే వసూలు చేసి నువ్వే కడతాండావు. సిగ్గుండాల."

శివలీల ఆ చివరి ఫీజు పట్టుకుని లాగింది.

గోడ అవతల మోత ఆగింది. మీటరు మీద ఎర్రలైటు ఆగింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్ళలో కొందరికి ఏడుపొచ్చింది. చీకట్లో కూర్చుని, పసిబిడ్డకు విసనకర్ర విసిరి, పక్కింటి దీపం మీద కన్నేసి, ఒకరినొకరు తిట్టుకుని తాము పొదుపు చేసిందంతా ఎవరి ప్లాంటు కోసమో తెలిసింది. వీరభద్ర గదిలోకి వెళ్ళి కుట్టుమిషను మోటరు తెచ్చి శివలీల గడప మీద పెట్టాడు.

"తప్పయిపోయెక్కా."

"నీ తప్పు తరువాత మాట్లాడుకుందాం. ఆయనొస్తాడు. ఇప్పుడన్నా ఆ గొంతు ఎత్తు."

శ్రీనివాసులు కారు అరగంటలోపే వచ్చింది. కొడుకు వెంట ఉన్నాడు.

"ఎవుర్రా ఫీజు పీకింది?"

"నేనే," అంది శివలీల.

"నా మీటరు మీద చెయ్యేస్తావా? గోడ నాది, బోరు నాది, మీటరు నాది!"

"బిల్లు ఎవురిది?" అన్నాడు వీరభద్ర. ఈసారి గొంతు లేచింది. "నీ ప్లాంటు కరెంటు మాతో కట్టిస్తివి. ఆ కరెంటుతో తోడిన నీళ్ళు మాకే అమ్మితివి. మల్ల మమ్మల్నే దొంగలంటివి."

"రేపటికి గదులు ఖాళీ చేయండి. అందురూ!"

"చేయం," అంది సుంకమ్మ. "గదికొక మీటరు పెట్టించు. ఇన్నాళ్ళు మింగిన దుడ్లు కక్కు. అంతవరకు అద్దె లేదు, బిల్లు లేదు."

ఆమె అంత మాట అనడం బొజ్జన్న కూడా ఎప్పుడూ వినలేదు. పోయి ఆమె పక్కన నిలబడ్డాడు. అతని వెనక మిగతావాళ్ళు నిలబడ్డారు. శ్రీనివాసులు కారు వైపు వెనక్కి నడిచాడు. భూపేష్ అంతకుముందే కారులో కూర్చున్నాడు.

మర్నాడు అందరూ కూలి మానుకుని కరెంటాఫీసుకు వెళ్ళారు. అక్కడి అధికారి అర్జీని వేలి కొసతో పక్కకు జరిపాడు. ఆయన తల వెనక గోడ మీద విద్యుత్ పొదుపు వారోత్సవాల బొమ్మ వేలాడుతోంది.

"ఫిర్యాదు వినియోగదారుడే ఇయ్యాల. మీటరు శ్రీనివాసులు గారి పేరు మీద ఉంది. ఆయన్ని ఇమ్మనండి."

"అంటే ఆయన దొంగతనం మీద ఆయనే అర్జీ పెట్టుకోవాలా సారూ?" అన్నాడు వీరభద్ర.

"రూల్సు అవి. నేను రాసినవి కాదు."

ఎవరు రాశారో ఎవరి కోసం రాశారో ఆయన చెప్పలేదు. వీళ్ళు గేటు దాటకముందే ఫోను అందుకున్నాడు. ఇంటికి చేరేసరికి వరండాలో పోలీసులు ఉన్నారు. శివలీల మీద కరెంటు దొంగతనం కేసు. సాక్ష్యం భూపేష్ ఫోనులో ఫోటో. ఆమె కిటికీ నుంచి బాలెంత ఫ్యానుకు వెళ్ళిన వైరు! తన నీళ్ళ ప్లాంటును పదిళ్ళ బిల్లు మీద నడిపినవాడు ఫిర్యాదుదారుడు, ఒక పసిబిడ్డకు గాలి ఇచ్చినది దొంగ. చట్టానికి కళ్ళు లేవంటారు. కళ్ళు బాగానే ఉన్నాయి. ఎటు చూడాలో దానికి బాగా తెలుసు.

శివలీలను జీపెక్కిస్తుంటే సుంకమ్మ అడ్డం పడింది. లాగి పారేశారు. శివలీల జీపులోంచి అరిచింది. "ఏడవగాకండి! స్టేషను కాడికి రాండి!"

వచ్చారు. పది గదులవాళ్ళే కాదు. బొజ్జన్న మార్కెట్ యార్డుకు పోయి చెప్తే హమాలీలు తువ్వాళ్ళు భుజాన వేసుకుని వచ్చారు. పక్క వీధి అద్దె గదులవాళ్ళు వచ్చారు. వాళ్ళకూ ఒకే మీటరే. మిట్టమధ్యాహ్నం ఎండలో స్టేషను ముందు రోడ్డు మీద కూర్చున్నారు. "శివలీలను వదలాల!" అని ఒక పక్క నుంచి, "గదికొక మీటరు!" అని ఇంకో పక్క నుంచి నినాదాలు లేచాయి. పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని బాలెంత కూడా చెట్టు నీడలో కూర్చుంది.

గొంతులు ఎండిపోతున్న వేళ క్యాన్ల ఆటో వచ్చి ఆగింది. లేవి తోలుతున్నాడు. పక్కన భూపేష్, చేతిలో ఫోను. దిగుతూనే వీడియో మొదలుపెట్టాడు.

"పాపం, ఎండలో ఉండారని మా నాయన నీళ్ళు పంపినాడు. మాకు ఎవురి మీదా కోపం లేదు. తాగండి."

వీరభద్ర లేచాడు. "ఒక్కరు కూడా ముట్టగూడదు! వాని దానం మనకొద్దు!"

దాహంతో లేవబోయినవాళ్ళు ఆగిపోయారు. సుంకమ్మ మాత్రం లేచి ఆటో దగ్గరికి నడిచింది.

"ఏంటికి ముట్టగూడదు వీరభద్రా? దానమని ఎవురన్నారు? ఈ నీళ్ళు తోడిన కరెంటు కట్టింది ఎవురు? నా బిడ్డకు ఫ్యాను లేకుండా చేసి తోడినారు ఈ నీళ్ళు. ఇవి మనయి. తాగండి. ఎవురికీ దండం పెట్టగాకండి."

జనంలో ఒక్కసారిగా నవ్వు, కేక లేచాయి. హమాలీలు క్యాన్లు, గ్లాసులు దించసాగారు. భూపేష్ ఇంకా ఫోను పట్టుకునే ఉన్నాడు. ఏది తీస్తున్నాడో అతనికే తెలియలేదు.

"లేవీ! ఆపరా వాళ్ళను!"

లేవి ఆటో తాళం తీసి అతని చేతిలో పెట్టాడు. "నువ్వే తోలుకో సామీ." పోయి స్తుతి పక్కన రోడ్డు మీద కూర్చున్నాడు. ఆమె కాస్త జరిగి చోటిచ్చింది. మొహం మాత్రం పక్కకు తిప్పుకుంది.

కేకలకు ఎస్సై లాఠీ పట్టుకుని బయటికి వచ్చాడు. అతని ముందు రోడ్డు నిండా జనం, చేతుల్లో గ్లాసులు.

"ఏం జరుగుతాంది ఈడ? ఎవురిచ్చినారు పర్మిషను?"

సుంకమ్మ నిండు గ్లాసు పట్టుకుని మెట్లెక్కింది. పైమెట్టు మీద అతనికి ఎదురుగా నిలబడి గ్లాసు చాచింది. ఎస్సై చెయ్యి ముందుకు రాబోయింది.

"నీకు కాదు సారూ. లోపల శివలీలకు ఇయ్యి. ఆమె దుడ్లు కూడా ఉండాయి దీంట్లో."