అరికాలి చుక్క

నేను ఒక కాటుక భరిణెను. ఒళ్లు వెండి, కడుపు నిండా నలుపు. కాకినాడ కంసాలి ఒకాయన నాకు మూత బిగించినప్పటి నుంచి మూడు తరాల ఆడవాళ్ల కళ్లు దిద్దాను. నలుపు కంట్లో ఉంటే మురిసిపోతారు, ఒంటి మీద ఉంటే నిట్టూరుస్తారు. మనుషుల తీరు నాకింకా అంతుబట్టలేదు.

ఇప్పుడు నేను నాంచారమ్మ సొత్తు. ఆమె కూతురు ఇందుమతి, నైజీరియా నుంచి చదువుకోవడానికి వచ్చిన చినేదును పెళ్లాడింది. వాళ్లకు పాప పుట్టింది. పుట్టిన రోజే నాంచారమ్మ తప్పు చేసింది. మా వైపు పెద్దవాళ్లు పసిబిడ్డ చెవి అంచులు చూసి, పెద్దయ్యాక ఏ రంగు తేలుతుందో చెప్పేస్తారు. ఆమె కూడా చెవి మడిచి చూసి, ఫరవాలేదు, తెలుపు తిరుగుతుందిలే అంది. ఊరడింపనుకుంది. ఇంకొక్క మాట వినబడితే పిల్లతో వెళ్లిపోతానని, మళ్లీ ఈ గడప తొక్కనని ఇందుమతి తేల్చి చెప్పింది. ఆ తర్వాత నాంచారమ్మ పాపకు నీళ్లు పోసేటప్పుడు కూడా పెదవి విప్పలేదు.

ఇరవై ఒకటో రోజు బారసాల. చుట్టాలు దిగారు. ఒకరు జుట్టు రింగులు లాగి చూశారు. మరొకరు ముక్కు ఎవరిదని ఆరా తీశారు. నాంచారమ్మ గబగబా నా మూత తీసి వేలు ముంచింది. అప్పుడే ఆమె పెద్దాడపడుచు వెంకాయమ్మ నోరు తెరిచింది.

"దానికి దిష్టిచుక్కెందుకే నాంచారీ? పెట్టినా కనపడదు. అయినా దిష్టెవరు పెడతారు?"

ఇందుమతి లేచింది. బీరువా మీది సంచీ దించి పాప బట్టలు కుక్కి, జిప్పు లాగేసింది.

నాంచారమ్మ వేలికి కాటుక అలాగే ఉంది. ముప్ఫై ఏళ్లుగా ఆడపడుచుకు ఎదురు చెప్పి ఎరగదు. మెల్లగా పాప పాదం పట్టుకుని తిప్పింది. లేత గులాబీ రంగు అరికాలు. దాని నడిమధ్య ఇంత లావు చుక్క పెట్టింది.

"కనపడుతుందా వదినగారూ? వచ్చిన కాణ్ణుంచీ దీని మీంచి చూపు తిప్పలేదు మీరు. దిష్టంటే అదేనండి."

తర్వాత కూతురి వైపు తిరిగింది. "నేనూ అన్నానే. చెవులు చూసి కూశాను. తప్పు నాదే. ఉండిపోవే."

ఇందుమతి సంచీ వదల్లేదు. తలుపు దగ్గర చినేదు గొంతు సవరించుకున్నాడు. అతనికి తెలుగు రాదని చుట్టాల ధీమా. నాలుగేళ్లు కాకినాడ మెస్సులో తిన్నవాడికి రాకేం?

"రెండో కాలికి కూడా పెట్టండి అత్తయ్యగారూ," అన్నాడు. "చుట్టాలు ఇంకా వత్తన్నారు."

ముందుగా నవ్వింది ఇందుమతే. సంచీ జిప్పు మళ్లీ తెరుచుకుంది. ఆమె అందులోంచి బారసాల గౌను తీసి, తల్లి చేతికిచ్చింది.