రెండు తూర్పుల ఇల్లు

కర్నూలు శివార్లలో నేను కొన్న స్థలానికి తూర్పున వీధి, దక్షిణాన పక్కింటి తిమ్మయ్య పెరటి గోడ. ఇల్లు గీయడానికి బయటివాళ్ల అవసరం రాలేదు. నేనుండే కింది అంతస్తును మా అల్లుడు భూపేష్ కంప్యూటర్లో రెవిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో గీశాడు. అల్లుడూ కూతురూ ఉండబోయే పై అంతస్తును మా చెల్లెలి కూతురు మధులత స్కెచప్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో గీసింది. ఇద్దరూ బాగా చదువుకున్నవాళ్లు కాబట్టి, గీసినన్నాళ్లూ ఒకరినొకరు ఏమీ అడగలేదు.

నేను కోరింది ఒక్కటే. నా గది కిటికీ వీధి వైపు ఉండాలి. ఆయన పోయాక ఆలూరులో మరిది వాళ్ల వెనక గదిలో ఏళ్ల తరబడి ఒక గోడకు ఎదురుగా కూర్చున్నాను. ఆ గోడ గురించి నాకు తెలియనిదంటూ ఏమీ మిగల్లేదు.

పునాదులకు ముగ్గు పోసే ముందురోజు ఇద్దరూ బొమ్మలు కలపడానికి కూర్చున్నారు.

"శానా సులువు పెద్దమ్మా. నా ఫైలును బావ ఫైల్లోకి లింక్ చేస్తే అయిపాయె" అంది మధులత.

చేసింది. కింది ఇంటి మీద పై అంతస్తు అగ్గిపెట్టెంత కూర్చుంది.

"నువ్వు అడుగుల్లో గీస్తివి, నేను మిల్లీమీటర్లలో గీస్తి. ముందే అడగాల్నని తెలీదా?" అన్నాడు భూపేష్.

"ముందే చెప్పాల్నని తెలీదా బావా?"

కొలత ఒకటి చేశారు. అగ్గిపెట్టె పెరిగి ఇల్లంత అయింది కానీ, స్థలం దాటి అవతల దిగింది. రెండు బొమ్మలకూ మొదలు చుక్క ఒకే మూలన ఉండాలని అప్పుడు గుర్తొచ్చింది. అదీ సరిచేశారు. ఈసారి సరిగ్గా ఇంటి మీదే కూర్చుంది. అడ్డంగా. వీధి వైపు ఉండాల్సిన మా బాల్కనీ పోయి తిమ్మయ్య పెరటి మీద వేలాడింది.

వాస్తు చూసే కంబన్న, పైభాగాన తూర్పు లేని కాగితాన్ని ముట్టడు. అందుకని భూపేష్ తెర మీద తూర్పును పైకి పెట్టి గీశాడు. మధులత కాలేజీలో నేర్పినట్టు ఉత్తరాన్ని పైకి పెట్టింది. ఎవరో ఒకరు తమ బొమ్మను పావు చుట్టు తిప్పితే సరిపోయేది.

"ఉత్తరం పైకి పెట్టేదే లోకమంతా. నువ్వే తిప్పు బావా."

"కంబన్న ఒప్పుకున్న ప్లానును తిప్పాల్నా? నువ్వు నిన్న పుట్టినదానివి, నువ్వు తిప్పు."

నేను టీ తెచ్చేసరికి రాజీ కుదిరింది. ఎవరూ తిప్పరట. బాల్కనీ ఎటూ దక్షిణాన పడింది కాబట్టి దాన్ని కాస్త కోసి, దానికి జోడుగా కింద నా కిటికీని కూడా దక్షిణానికి మారుస్తారట. అల్లుడి పరువు నిలిచింది, చెల్లెలి కూతురి పరువు నిలిచింది. తిరిగింది నా కిటికీ ఒక్కటే.

"ఆ పక్క తిమ్మయ్య గోడ కదప్పా ఉండాది?" అన్నాను.

"ఆ గోడకు మంచి రంగు వేయిస్తాంలే అత్తా" అన్నాడు భూపేష్.

నేను టీ గ్లాసులు వాళ్ల ముందు పెట్టాను.

"అట్లయితే పై అంతస్తు వద్దులే."

"మరి మేముండేది యాడ అత్తా?"

"మీ బొమ్మలు కలిసినాంక కట్టుకోండి. నాకేం తొందర లేదప్పా."

మర్నాడు మేస్త్రీ గోపన్న కింది అంతస్తుకు మాత్రమే ముగ్గు పోశాడు. కిటికీ వచ్చే చోట కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వీధిలో ఒక ఆటో పోయింది. ఇద్దరు ఆడవాళ్లు ఎవరి కోడలినో ఆడిపోసుకుంటూ పోయారు. నా వెనక, కారు బానెట్ మీద లాప్‌టాప్ పెట్టుకుని భూపేష్, మధులత ఇంకా వాదించుకుంటున్నారు.

నేనూ తల తిప్పలేదు.